మెడలో గడ్డ ప్రతిసారీ టీబీ కాదు: హెచ్‌ఐవీ ఉన్నవారిలో అరుదైన లింఫోమాలను పట్టుకోవడం, వైద్యం నడపడం

హెచ్‌ఐవీ ఉన్న మనిషికి మెడలో గడ్డ లేచింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి పక్క తడిసేంత చెమటలు, రెండు నెలల్లో ఆరేడు కిలోలు బరువు తగ్గారు. ఈ మాటలు వినగానే మన దగ్గర ఎవరికైనా మొదట తట్టేది టీబీ. చాలాసార్లు అది నిజం కూడా. చిక్కంతా మిగిలినవాళ్లతోనే. లింఫోమా, అంటే లింఫోసైట్లనే తెల్లరక్తకణాల్లో పుట్టే క్యాన్సర్, కూడా అచ్చంగా ఇలాగే వస్తుంది. సూది పరీక్ష రిపోర్టులో తేలని మాట ఒకటి రాసి ఉంటుంది, టీబీ కోర్సు మొదలవుతుంది, జ్వరం తగ్గకపోతే 'ఇంకో నెల చూద్దాం' అంటారు. వేగంగా పెరిగే లింఫోమాకు ఆ నెల చాలు, మెడలో ఉన్నది ఎముక మూలుగ దాకా పాకడానికి.

ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల) సెంటర్లలో, జిల్లా ఆసుపత్రుల్లో రోగిని మొదట చూసే డాక్టర్లు, సర్జన్లు, దంతవైద్యులు, నర్సుల కోసం రాసిన వివరాలివి. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకూ పనికొచ్చే భాగాలున్నాయి. కీమో మోతాదుల నిర్ణయం మాత్రం ఆంకాలజిస్టుదే. ఇక్కడ చెప్పిన అంకెలు లెక్క ఎలా నడుస్తుందో తెలియడానికి.

ఏ జబ్బుల గురించి మాట్లాడుతున్నాం

హెచ్‌ఐవీ ఉన్నవారిలో తరచూ కనిపించే లింఫోమాలు డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం, బర్కిట్ రకం, హాడ్జ్‌కిన్ రకం. వీటిని పాథాలజిస్టులు రోజూ చూస్తుంటారు కాబట్టి ముక్క (బయాప్సీ) సరిగ్గా అందితే పొరపాటు తక్కువ. అసలు ఇబ్బంది అరుదైన మూడింటితో. మొదటిది ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా. 1997లో దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు ఉన్న 16 మంది రోగుల్లో 15 మందికి హెచ్‌ఐవీ ఉంది, గడ్డ వచ్చింది నోట్లో. రెండోది ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా. ఇందులో సాధారణంగా గడ్డ ఉండదు, ఊపిరితిత్తుల చుట్టూనో పొట్టలోనో గుండె చుట్టూనో నీరు చేరుతుంది, ఆ నీటిలోనే క్యాన్సర్ కణాలుంటాయి. మూడోది మల్టీసెంట్రిక్ క్యాసిల్‌మన్ జబ్బు. లెక్కప్రకారం ఇది క్యాన్సర్ కాదు, కానీ మనిషిని పడగొట్టడంలో దానికేమీ తీసిపోదు, పైగా లింఫోమాగా మారగలదు. చివరి రెండింటి వెనక ఉండే వైరస్ హెచ్‌హెచ్‌వీ-8. ప్లాస్మాబ్లాస్టిక్ రకంలో ఎక్కువగా కనిపించేది ఎప్‌స్టీన్-బార్ వైరస్.

ఎప్పుడు అనుమానించాలి

సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) బాగానే ఉంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ లెక్క) కనిపించడం లేదు, కాబట్టి లింఫోమా రాదు అనుకోవద్దు. బర్కిట్, హాడ్జ్‌కిన్, క్యాసిల్‌మన్ మూడూ సీడీ4 300, 400 ఉన్నవారిలోనూ వస్తాయి. ఏఆర్‌టీ మొదలుపెట్టిన తొలి ఆరు నెలల్లో అప్పటిదాకా నిద్రపోయిన లింఫోమా బయటపడటం కూడా ఉంది. దాన్ని 'మందులు పడక వచ్చిన రియాక్షన్' అనుకుని ఏఆర్‌టీ ఆపేస్తే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి.

టీబీ మందులు మొదలైతే రెండు వారాల్లో జ్వరం దిగడం, ఆకలి పుట్టడం మామూలుగా కనిపించాలి. రెండు నుంచి నాలుగు వారాల్లో ఆ మార్పు లేకపోయినా, గడ్డ పెరుగుతున్నా మందులు మార్చడం కాదు, ముక్క తీయించడం ముందు చేయాల్సిన పని. ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) మామూలు కంటే రెండు మూడింతలు ఉండటం, యూరిక్ యాసిడ్ కారణం లేకుండా పెరగడం, గడ్డ వారం వారం కొలతకు పెరగడం లింఫోమా వైపు తూకం వేస్తాయి.

నోటి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే రోగి ముందు వెళ్లేది దంతవైద్యుడి దగ్గరికి. చిగురు మీద గులాబీ రంగులోనో నీలం పాలిన ఎరుపులోనో మెత్తగా ఉబ్బు, పక్కనున్న పన్ను కదులుతుంది, చీము ఉండదు, నొప్పి అంతంతమాత్రం. యాంటీబయాటిక్ రాస్తారు, పన్ను పీకేస్తారు. పన్ను పీకిన గుంత మూడు వారాలైనా పూడకుండా అందులోంచి కండ పెరిగి బయటికి వస్తే అది పుండు మానడం కాదు. ఆ రోజే అంచు నుంచి, కుళ్లిన మధ్యభాగం నుంచి కాకుండా, దాదాపు ఒక సెంటీమీటరు ముక్క తీసి పంపండి. ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా నోట్లోనే కాక ముక్కు లోపల, పేగుల్లో, మలద్వారం దగ్గర, చర్మం మీద కూడా రావచ్చు. మొలలనుకుని నెలలు గడిచిపోయేది అక్కడే.

ఇంకో మాట. హెచ్‌ఐవీ పరీక్ష ఎప్పుడూ చేయించుకోనివారిలో ప్లాస్మాబ్లాస్టిక్ అని రిపోర్టు వస్తే, వాళ్ల అనుమతి తీసుకుని ఆ పరీక్ష వెంటనే చేయించాలి. కొందరిలో హెచ్‌ఐవీ బయటపడేదే ఈ దారిలో.

ముక్క తీయడం, పంపడం

ఈ వైద్యం మొత్తంలో ఎక్కువగా చెడిపోయే మెట్టు ఇదే. సూది పరీక్ష తొలి వడపోతకు పనికొస్తుంది గానీ లింఫోమా రకం తేల్చదు. గడ్డ నిర్మాణం కనబడదు, స్టెయిన్లు (కణాల రకం తేల్చే రంగు పరీక్షలు) వేయడానికి సరిపడా కణాలు మిగలవు. గడ్డను పొరతో సహా మొత్తంగా తీయడం మేలు. గజ్జల్లో గడ్డలు కాళ్ల పుండ్లకు, మామూలు ఇన్ఫెక్షన్లకు కూడా ఉబ్బుతాయి కాబట్టి మెడలోగానీ కాలర్ ఎముక పైనగానీ ఉన్నది ఎంచుకోండి. పెట్ స్కాన్ ముందే అయిపోయి ఉంటే ఎక్కువగా వెలిగిన గడ్డను తీయండి. గడ్డ లోతుగా ఉండి కోయడం కుదరకపోతే 14 లేదా 16 గేజ్ సూదితో నాలుగు నుంచి ఆరు కోర్ ముక్కలు తీయాలి. ఒక్క ముక్కతో సరిపెట్టడం రోగిని మళ్లీ బల్ల మీదికి ఎక్కించడమే.

తీసిన గడ్డను థియేటర్లోనే రెండుగా చేయాలి. చిన్న భాగం శుభ్రమైన సీసాలో, సాదా సెలైన్‌లో వేసి సీబీనాట్‌కి (టీబీ క్రిమి జన్యు పరీక్ష), టీబీ కల్చర్‌కి పంపాలి. పెద్ద భాగం 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. మొత్తం గడ్డనూ ఫార్మలిన్‌లో పడేస్తే టీబీ క్రిములు చచ్చిపోతాయి, కల్చర్ రాదు. మొత్తం సెలైన్‌లో ఉంచితే కణాలు పాడై పాథాలజిస్టుకు చదవడానికి ఏమీ మిగలదు. ఈ రెండు తప్పులూ విరివిగా జరుగుతున్నాయి. ఒకే గడ్డలో టీబీ, లింఫోమా రెండూ ఉండే అవకాశం ఉంది కాబట్టి ఒకటి దొరికిందని రెండోది మానకూడదు.

ఫార్మలిన్ ముక్క పరిమాణానికి కనీసం పదింతలుండాలి. రెండు సెంటీమీటర్లు దాటిన గడ్డను 3, 4 మిల్లీమీటర్ల మందం బిళ్ళలుగా కోసి వేయండి. కోయకుండా వేస్తే ఫార్మలిన్ లోపలికి దిగేలోపు మధ్యభాగం కుళ్లిపోతుంది. ఇంజెక్షన్ సీసా లాంటి ఇరుకు మూతిలో కుక్కితే కణాలు నలుగుతాయి. వెడల్పు మూతి డబ్బా వాడండి. ముక్క ఫార్మలిన్‌లో కనీసం 6 గంటలుండాలి, 72 గంటలు దాటకూడదు. శనివారం తీసిన ముక్క మంగళవారం దాకా బల్ల మీద కూర్చుంటే తరవాత వేసే స్టెయిన్లు నమ్మదగినవి కావు.

కాగితం మీద ఇవి రాయండి: ఎన్నాళ్ల నుంచి ఏఆర్‌టీ, చివరి సీడీ4, వైరల్ లోడ్, టీబీ మందులు వాడుతున్నారా, గత నెలలో స్టెరాయిడ్ పడిందా, లింఫోమా అనుమానం ఉందని. హెచ్‌ఐవీ సంగతి రోగి అనుమతితో పాథాలజిస్టుకు చెప్పి తీరాలి. ఏ స్టెయిన్లు వేయాలన్నది దాన్నిబట్టే మారుతుంది.

స్టెరాయిడ్ గురించి గట్టిగా చెప్పాలి. ముక్క తీయకముందు ప్రెడ్నిసోలోన్, డెక్సామెథసోన్ ఇవ్వొద్దు. లింఫోమా కణాలు స్టెరాయిడ్‌కి కొద్ది రోజుల్లోనే కరుగుతాయి. గడ్డ తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, అందరూ టీబీ నయమవుతోందని సంతోషిస్తారు. కానీ ఆ సమయంలో తీసిన ముక్కలో చచ్చిన కణాలే కనబడతాయి, కొన్ని వారాల తర్వాత గడ్డ తిరిగొస్తుంది. శ్వాసనాళం నొక్కుకుపోవడం లాంటి ప్రాణాపాయం ఉంటే తప్ప ఆగండి. అప్పుడు కూడా వీలైతే ముందు ఒక కోర్ ముక్క తీసి పక్కన పెట్టండి.

నీరు చేరినవారిలో

ఊపిరితిత్తి చుట్టూ నీరు, అందులో లింఫోసైట్లు, ఏడీఏ (టీబీ నీటిలో పెరిగే ఎంజైము) ఎక్కువ. మన దగ్గర ఈ మూడూ కలిస్తే టీబీ అని రాసేస్తారు. లింఫోమా నీటిలో కూడా ఏడీఏ బాగా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. నీటిలో ఎల్‌డీహెచ్ వేలల్లో ఉంటే అనుమానం ఇంకా బలపడాలి. 10 మిల్లీలీటర్లు తీసి సరిపెట్టకుండా 50 నుంచి 100 మిల్లీలీటర్లు పంపండి. తాజా నీటిని ఆలస్యం లేకుండా ల్యాబ్‌కి చేర్చి, 'సెల్ బ్లాక్ చేయండి' అని అడగాలి. కణాలను కిందికి దించి మైనంలో దిమ్మెగా చేస్తే దాని మీద ఎల్‌ఏఎన్‌ఏ-1 స్టెయిన్ వేయొచ్చు. అది పాజిటివ్ అయితే హెచ్‌హెచ్‌వీ-8 ఉన్నట్టే. ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమాలో ఇది తప్పనిసరి ఆధారం. ఎప్‌స్టీన్-బార్ వైరస్ కూడా ఎక్కువమందిలో తోడుంటుంది.

పాథాలజీ: ఏ స్టెయిన్లు అడగాలి

చిన్న ల్యాబుల్లో సాధారణంగా వేసే తొలి సెట్టు సీడీ45, సీడీ20, సీడీ3, సైటోకెరాటిన్. ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమా ఈ సెట్టుకు దొరకదు. ఇది బి-కణం నుంచి ప్లాస్మా కణంగా మారే దారిలో పుట్టినది కాబట్టి సీడీ20 వదిలేసి ఉంటుంది, సీడీ45 కూడా చాలాసార్లు మసకగానో అసలు లేకుండానో ఉంటుంది. నాలుగూ నెగెటివ్ వచ్చి, 'రకం తేలని క్యాన్సర్' అని రిపోర్టు వెళుతుంది. ఒక్కోసారి ఈఎంఏ పాజిటివ్ అయి కార్సినోమా అని కూడా వెళుతుంది. రోగి ఈఎన్‌టీ సర్జరీ వైపు మళ్లుతాడు.

అడగాల్సినవి: సీడీ138, సీడీ38, ఎంయూఎం1, పాక్స్5, కేఐ-67 (కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పేది), ఈబీఈఆర్ (ఎప్‌స్టీన్-బార్ వైరస్‌ను చూపేది), ఎల్‌ఏఎన్‌ఏ-1. ప్లాస్మాబ్లాస్టిక్ రకంలో మొదటి మూడూ పాజిటివ్, పాక్స్5 నెగెటివ్ లేదా మసక, కేఐ-67 తొంభై శాతం దాటి, ఈబీఈఆర్ పదిలో ఏడెనిమిది మందిలో పాజిటివ్, ఎల్‌ఏఎన్‌ఏ-1 నెగెటివ్. ఎల్‌ఏఎన్‌ఏ-1 పాజిటివ్ వస్తే గడ్డ రూపంలో వచ్చిన ప్రైమరీ ఎఫ్యూజన్ లింఫోమా అయి ఉండొచ్చు. ఎంవైసీ జన్యువు స్థానం మారిందా అన్నది ఫిష్ అనే జన్యు పరీక్షతో చూడాలి. దాదాపు సగం మందిలో మారి ఉంటుంది.

మల్టిపుల్ మైలోమా ముదిరినప్పుడు కణాలు ఇలాగే కనబడతాయి. స్టెయిన్లు మాత్రమే రెండింటినీ విడదీయలేవు. రక్తంలో ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్లు, కాల్షియం, ఎముకల్లో చిల్లులున్నాయా అన్నవి చూడాలి. ఈబీఈఆర్ పాజిటివ్, హెచ్‌ఐవీ ఉండటం, లింఫ్ గ్రంథులకు బయట గడ్డ ఇవి లింఫోమా వైపు తీర్పిస్తాయి. దగ్గర్లో ఈ స్టెయిన్లు లేకపోతే మళ్లీ కోయించుకోనక్కర్లేదు. మైనపు దిమ్మెను మామూలు గది వేడిలోనే పెద్ద సెంటరుకు పంపొచ్చు. దిమ్మె, స్లైడ్లు అడిగి తీసుకోండి. హైదరాబాద్ ఎంఎన్‌జే, నిమ్స్, విశాఖ హోమీ భాభా, తిరుపతి స్విమ్స్ లాంటి చోటికి వెళ్లే రోగి చేతిలో రిపోర్టు కాగితం ఒక్కటే ఉంటే వారం వృథా.

క్యాసిల్‌మన్ జబ్బు

జ్వరం విడతలు విడతలుగా వస్తుంది, పోతుంది. గ్రంథులు, ప్లీహం పెరుగుతాయి. రక్తం తగ్గుతుంది, అల్బుమిన్ పడిపోయి కాళ్ల వాపు వస్తుంది, సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) ఆకాశంలో ఉంటుంది. జ్వరం లేని రోజుల్లో తీసిన రిపోర్టులు బాగానే ఉంటాయి కాబట్టి జ్వరమున్న రోజునే రక్తం, ముక్క తీయాలి. ఎల్‌ఏఎన్‌ఏ-1 పాజిటివ్ అవ్వాలి. వీలైతే రక్తంలో హెచ్‌హెచ్‌వీ-8 లోడ్ చూడాలి. వైద్యం వారానికోసారి రిటుక్సిమాబ్ (సీడీ20 ఉన్న కణాల మీద పనిచేసే మందు), చదరపు మీటరుకు 375 మి.గ్రా., నాలుగు వారాలు. అవయవాలు దెబ్బతింటున్నంత తీవ్రంగా ఉంటే ఎటోపోసైడ్ కలుపుతారు. ఒంటి మీద కపోసి సార్కోమా మచ్చలుంటే రిటుక్సిమాబ్ ఒక్కటే ఇచ్చినప్పుడు అవి పెరుగుతాయి, ముందే చూసి రాసుకోవాలి. ఇది సరిగ్గా గుర్తిస్తే బాగా లొంగే జబ్బు. గుర్తించకపోతే సెప్సిస్ అనే పేరుతో ఐసీయూలో పోతారు.

కీమోకి ముందు వారం

కేఐ-67 తొంభై దాటిన జబ్బుకు తీరిగ్గా పరీక్షలు చేసే వ్యవధి ఉండదు. అన్నీ ఒకేసారి పంపాలి. రక్తకణాలు, క్రియాటినిన్, పొటాషియం, ఫాస్ఫరస్, కాల్షియం, యూరిక్ యాసిడ్, ఎల్‌డీహెచ్, లివర్ పరీక్షలు, సీడీ4, వైరల్ లోడ్. హెపటైటిస్ బికి ఉపరితల యాంటీజెన్‌తో పాటు కోర్ యాంటీబాడీ కూడా, హెపటైటిస్ సి. జీ6పీడీ. గుండె ఎకో. ఆడవారికి గర్భ పరీక్ష. పిల్లలు కావాలనుకునే వయసు వారితో వీర్యం, అండాలు దాచుకునే మాట మొదటి కీమోకి ముందే ఎత్తాలి. మూలుగ పరీక్ష, వెన్నునీటి పరీక్ష చేయాలి. పెట్ సీటీ ఉంటే మంచిది. వైరల్ లోడ్ ఎక్కువున్నవారిలో మామూలు గ్రంథులు కూడా వెలుగుతాయి, దాన్నిబట్టి దశ పెంచేయొద్దు. పెట్ దొరక్కపోతే కాంట్రాస్ట్ సీటీతో ముందుకెళ్లండి.

దాగిన ఇన్ఫెక్షన్ల కోసం ఛాతీ ఎక్స్‌రే, కళ్లెలో సీబీనాట్, సీడీ4 200 లోపుంటే క్రిప్టోకాకల్ యాంటీజెన్, మూత్రంలో టీబీ ఎల్‌ఏఎమ్ చూడాలి.

గడ్డ పెద్దదైతే కణాలు ఒక్కసారిగా పగిలి పొటాషియం, యూరిక్ యాసిడ్ ఎగబాకుతాయి, కిడ్నీ మూసుకుపోతుంది. దీనికి కీమోకి 24 నుంచి 48 గంటల ముందే సెలైన్, అల్లోప్యూరినాల్ మొదలవ్వాలి. యూరిక్ యాసిడ్ ముందే ఎక్కువుంటే రాస్‌బ్యూరికేస్ ఇస్తారు. జీ6పీడీ లోపం ఉంటే అది ఇవ్వకూడదు, ఎర్రకణాలు పగిలిపోతాయి. రాస్‌బ్యూరికేస్ ఇచ్చాక యూరిక్ యాసిడ్ నమూనాను ఐసులో పెట్టి పంపాలి. లేకపోతే ట్యూబులో కూడా మందు పనిచేసి తప్పుడు తక్కువ అంకె వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు ప్రతి 6, 8 గంటలకు పొటాషియం చూడండి. ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే కోట్రైమోక్సజోల్ కూడా పొటాషియం పెంచుతుంది, దాన్ని లెక్కలోంచి జారవిడవొద్దు.

ఏఆర్‌టీ ఆపొద్దు

కీమోతో పాటు ఏఆర్‌టీ నడవాలి. వాడనివారికి మొదలుపెట్టాలి. ఇప్పుడు ఏఆర్‌టీ సెంటర్లలో ఇచ్చే టీఎల్‌డీ బిళ్ళ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసినది, ఈ కీమో మందులతో పెద్దగా గొడవ పడదు. గొడవ రిటోనవిర్, కోబిసిస్టాట్ ఉన్న కాంబినేషన్లతో. అవి లివర్లో విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్ అనే కీమో మందులు విరిగిపోకుండా అడ్డుకుంటాయి. మోతాదు అదే, ఒంట్లో నిలిచేది ఎన్నో రెట్లు. కాళ్లు పడిపోవడం, పేగులు కదలకపోవడం అలా వస్తాయి. ఇలాంటి రెండో లైన్ మందుల (మొదటివి పనిచేయనప్పుడు ఇచ్చేవి) మీద ఉన్నవారిని కీమోకి ముందే ఏఆర్‌టీ సెంటర్ వైద్యులతో మాట్లాడి మార్చాలి. జిడోవుడిన్ మూలుగను అణుస్తుంది కాబట్టి అదీ వద్దు.

డోలుటెగ్రవిర్ వల్ల క్రియాటినిన్ 0.1, 0.2 పెరిగి కనబడుతుంది, కిడ్నీ చెడినట్టు కాదు. అంతకు మించి పెరిగితే టెనోఫోవిర్ సంగతి చూడాలి. కాల్షియం, ఐరన్, యాంటాసిడ్ ఇచ్చేటప్పుడు టీఎల్‌డీని వాటికి 2 గంటల ముందుగానీ 6 గంటల తర్వాతగానీ వేయాలి. వార్డులో పొద్దున్నే అన్ని బిళ్ళలూ ఒకే గ్లాసు నీళ్లతో మింగించేస్తే డోలుటెగ్రవిర్ ఒంటికి పట్టదు. నిజంగానే టీబీ కూడా ఉండి రిఫాంపిసిన్ పడుతుంటే డోలుటెగ్రవిర్ 50 మి.గ్రా. అదనంగా, టీఎల్‌డీ వేసిన 12 గంటలకు ఇవ్వాలి. రిఫాంపిసిన్ ఆపాక రెండు వారాలు అదే కొనసాగాలి.

హెపటైటిస్ బి ఉన్నవారిలో టీఎల్‌డీ రెండు జబ్బులకూ మందు. వాంతులవుతున్నాయని నాలుగు రోజులు ఆపితే హెపటైటిస్ ఎగిసి లివర్ ఫెయిలయ్యే ప్రమాదముంది. కీమో సమయంలో సీడీ4 పడిపోతుంది, అది మందులు విఫలమవడం కాదు. వైరల్ లోడ్ చూసి నిర్ణయించండి.

ప్లాస్మాబ్లాస్టిక్ లింఫోమాకు కీమో

సీడీ20 లేదు కాబట్టి రిటుక్సిమాబ్ పనిచేయదు. సీహెచ్‌ఓపీ అనే మామూలు లింఫోమా కీమో ఒక్కటే సరిపోదన్నది ఇప్పుడు ఎక్కువమంది ఆంకాలజిస్టుల మాట. ఎక్కువగా ఎంచుకునేది డోస్-అడ్జస్టెడ్ ఈపీఓసీహెచ్, అంటే రక్తకణాల అంకెలను బట్టి మోతాదు మార్చే ఐదు మందుల కీమో. మూడు మందులు నాలుగు రోజులు, 96 గంటలు, ఆగకుండా నరంలోకి ఎక్కుతూనే ఉంటాయి. 160 సెంటీమీటర్ల ఎత్తు, 58 కిలోల బరువున్న మనిషి ఒంటి వైశాల్యం సుమారు 1.6 చదరపు మీటర్లు. రోజుకు ఎటోపోసైడ్ చదరపు మీటరుకు 50 చొప్పున 80 మి.గ్రా., డాక్సోరూబిసిన్ 10 చొప్పున 16 మి.గ్రా., విన్‌క్రిస్టిన్ 0.4 చొప్పున 0.64 మి.గ్రా. ఈ మూడూ ఒకే సెలైన్ బ్యాగులో కలిపి 24 గంటలకు ఒక బ్యాగు. ఐదో రోజు సైక్లోఫాస్ఫమైడ్ 750 చొప్పున 1,200 మి.గ్రా. సీడీ4 వంద లోపుంటే మొదటి విడతలో ఇది తగ్గించి మొదలుపెట్టి, తట్టుకుంటే పెంచుతారు. ప్రెడ్నిసోలోన్ చదరపు మీటరుకు 60 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఐదు రోజులు. ఆరో రోజు నుంచి తెల్లకణాలు పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్లు. 21 రోజులకు ఒక విడత, మొత్తం ఆరు.

విన్‌క్రిస్టిన్‌ను 2 మి.గ్రా. దగ్గర ఆపే అలవాటు ఇక్కడ వర్తించదు. నాలుగు రోజులకు కలిపి 2.56 మి.గ్రా. రావడం తప్పు కాదు, మెల్లగా ఎక్కుతుంది కాబట్టి. చేతి మీద మామూలు క్యాన్యులాతో ఈ బ్యాగు ఎక్కించడం మాత్రం పెద్ద తప్పు. బయటికి కారితే డాక్సోరూబిసిన్‌కు చల్లటి కాపడం, విన్‌క్రిస్టిన్‌కు వెచ్చటి కాపడం పెట్టాలి. రెండూ ఒకే బ్యాగులో ఉన్నప్పుడు సరైన విరుగుడే లేదు. పెద్ద నరంలోకి చేరే పిక్ లైన్ గానీ పోర్ట్ గానీ ముందే వేయించండి.

రక్తకణాలు వారానికి రెండుసార్లు చూడాలి. వచ్చే విడత మోతాదు ఆ అంకెల మీదే నిలబడుతుంది. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) 500 కిందికి ఒక్కసారీ దిగకపోతే ఎటోపోసైడ్, డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ 20 శాతం పెంచుతారు. ఒకటి రెండు సార్లు దిగితే అదే మోతాదు. మూడుసార్లు దిగినా, ప్లేట్‌లెట్లు 25,000 కిందికి వెళ్లినా 20 శాతం తగ్గిస్తారు. వారానికి ఒక్కసారే చూస్తే ఈ లెక్క కుదరదు.

మెదడుకు పాకకుండా వెన్నులో మెథోట్రెక్సేట్, సాధారణంగా 12 మి.గ్రా., ఇస్తారు. ఆ రోజు ఆ గదిలో విన్‌క్రిస్టిన్ ఉండకూడదు. పొరపాటున వెన్నులోకి వెళితే ప్రాణం పోతుంది, దానికి మందు లేదు. వెన్నులోకి మందు ఎక్కించే ముందు సిరంజీ మీది పేరు ఇద్దరు పైకి చదవాలి.

చాలా సెంటర్లు దీనికి బోర్టెజోమిబ్ కలుపుతాయి, చర్మం కింద ఇంజెక్షన్‌గా. అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు పెరుగుతాయి. విన్‌క్రిస్టిన్, బోర్టెజోమిబ్, టీబీకి ఐసోనియాజిడ్ మూడూ కలిస్తే నరాలు బాగా దెబ్బతింటాయి. ప్రతి విడతకూ 'చొక్కా బొత్తాలు పెట్టుకోగలుగుతున్నారా, చెప్పులు జారిపోతున్నాయా' అని అడగండి. నొప్పి స్కేలు కంటే ముందు ఇది పట్టిస్తుంది. మందుకు బాగా లొంగినవారిలో సొంత మూలకణాల మార్పిడి గురించి మాట్లాడాలి. వైరస్ అదుపులో ఉంటే హెచ్‌ఐవీ దానికి అడ్డు కాదు. ఈ జబ్బు మొండిది. పాత లెక్కల్లో సగం మంది ఏడాది అటూ ఇటూగానే బతికారు. రోగి అడిగితే ఈ మాట దాచొద్దు, పూర్తిగా కోలుకున్నవారున్నారన్న మాటా దాచొద్దు.

ఇన్ఫెక్షన్లు, ఇంటి దగ్గర జాగ్రత్త

సీడీ4 ఎంతున్నా కీమో నడిచినన్నాళ్లూ కోట్రైమోక్సజోల్ ఉండాలి. హెర్పిస్‌కి ఎసైక్లోవిర్, బోర్టెజోమిబ్ ఉంటే తప్పక. ఫంగస్ మందుల్లో ఇట్రాకొనజోల్, వోరికొనజోల్, పోసాకొనజోల్ కూడా రిటోనవిర్ లాగే విన్‌క్రిస్టిన్‌ను పెంచుతాయి. ఇన్‌ఫ్యూజన్ రోజుల్లో ఏది ఆపాలో ఆంకాలజిస్టును అడగాలి. మలబద్ధకం నాలుగో రోజుకు చేరితే చిన్న విషయంగా తీసుకోవద్దు.

ఇంట్లో థర్మామీటరు ఉండాలి. 38.3 డిగ్రీలు, అంటే దాదాపు 101 ఫారెన్‌హీట్, ఒక్కసారి వచ్చినా, 38 డిగ్రీలు, అంటే 100.4, గంటసేపు నిలిచినా ఆసుపత్రికి బయల్దేరాలి. పారాసిటమాల్ వేసి తెల్లవారేదాకా ఆగొద్దు. ఊరు దూరమైతే కీమో తర్వాత ఏడో రోజు నుంచి పధ్నాలుగో రోజు దాకా ఆసుపత్రికి గంట దూరంలో ఎవరింట్లోనైనా ఉండే ఏర్పాటు చేసుకోండి. ఆసుపత్రిలో రెండు చోట్ల నుంచి బ్లడ్ కల్చర్ తీసి, గంటలోపు పైపెరాసిలిన్-టాజోబాక్టం లాంటి యాంటీబయాటిక్ పడాలి. సీబీసీ రిపోర్టు కోసం ఆగకూడదు.

వాంతులు, మలమూత్రాల్లో కీమో అవశేషాలు 48 గంటల దాకా ఉంటాయి. శుభ్రం చేసేవారు గ్లవ్స్ వేసుకుంటే చాలు. ఒకే కంచం, ఒకే పక్క వల్ల హెచ్‌ఐవీ అంటదు, వేరు పెట్టొద్దు. నర్సుకు సూది గుచ్చుకుంటే కడిగి, రెండు గంటల్లోపు, ఎట్టిపరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు నివారణ మందులు మొదలవ్వాలి.

కాగితాలు, హక్కులు

ఏఆర్‌టీ పుస్తకం, మందుల పేర్లు, చివరి వైరల్ లోడ్ కాగితం ప్రతిసారీ వెంట తీసుకెళ్లాలి. క్యాన్సర్ ఆసుపత్రికి చేరేముందే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పి రెండు మూడు నెలల బిళ్ళలు తీసుకోవడం మంచిది. వార్డులో ఉండగా బిళ్ళలు అయిపోవడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద కీమో అనుమతి కోసం ముక్క రిపోర్టులో రకం స్పష్టంగా ఉండాలి, 'రకం తేలని క్యాన్సర్' అంటే ఫైలు తిరిగొస్తుంది. హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం నిషేధం. అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. సలహాకు హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఉచితం.

కీమో అయ్యాక

చివరి విడత తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెట్ సీటీ తీయాలి. ముందే తీస్తే మానుతున్న వాపు జబ్బులా వెలుగుతుంది. వెలిగిన చోట మళ్లీ ముక్క తీయకుండా జబ్బు తిరిగొచ్చిందని మందు మార్చొద్దు. అదే గడ్డలో ఈసారి టీబీ దొరకొచ్చు. తొలి రెండేళ్లు మూడు నెలలకోసారి ఒళ్లు తడిమి చూడటం, ఎల్‌డీహెచ్, వైరల్ లోడ్. నోట్లో మొదలైన జబ్బైతే ప్రతి విజిట్‌లో టార్చి వేసి చిగుళ్లు, అంగిలి, నాలుక కింద చూడాలి, కట్టుడు పళ్లుంటే తీయించి చూడాలి. కోట్రైమోక్సజోల్ కీమో అయిపోగానే ఆపకుండా, సీడీ4 200 దాటి మూడు నెలలు నిలిచాకే ఆపాలి.